కంపెనీ లాభం వాటాదారుడి దాకా వస్తోందా? వార్షిక నివేదికతో తేల్చుకునే పద్ధతి

కంపెనీ బాగా నడవడం వేరు, ఆ కంపెనీలో వాటా ఉన్నవాడు బాగుపడడం వేరు. అమ్మకాలు ఏటా పెరుగుతూ, లాభాల ప్రకటనలు పత్రికల్లో వస్తూ ఉన్నా, పదేళ్లుగా ఆ షేరును నమ్ముకుని కూర్చున్న మదుపరికి బ్యాంకు డిపాజిట్ పాటి రాబడి కూడా దక్కని కంపెనీలు మన మార్కెట్లో తక్కువేమీ లేవు. లాభం కంపెనీ ఖాతా నుంచి వాటాదారుడి దాకా రావాలంటే యాజమాన్యం చేతుల మీదుగానే రావాలి. లాభంలో ఎంత వ్యాపారంలోకి తిరిగి పెట్టాలి, ఎంత డివిడెండ్‌గా పంచాలి, కొత్త షేర్లు ఎవరికి ఏ ధరకు ఇవ్వాలి, ప్రమోటర్ల (కంపెనీని తమ అదుపులో ఉంచుకుని నడిపించే పెద్ద వాటాదారుల) సొంత సంస్థలతో ఏ షరతుల మీద వ్యాపారం చేయాలి అన్నవన్నీ అక్కడే తేలుతాయి. ఆ నిర్ణయాలు తీసుకునే వేళ, 50 షేర్లున్న సామాన్యుడు వారి తలపులో ఉన్నాడా లేడా అన్న సంగతిని బయట ఉన్న మనం కూడా చాలావరకు తెలుసుకోవచ్చు. అందుకు కావలసిన ఆధారాలు చట్టం ప్రకారం బయటపెట్టే కాగితాల్లోనే ఉంటాయి. ఆ కాగితాలను ఏ వరుసలో, దేనికోసం చదవాలో ఇక్కడ చెబుతాను.

దీనికి అకౌంట్స్‌లో పెద్ద చదువు అక్కర లేదు. గత ఐదేళ్ల వార్షిక నివేదికలు, తాజా షేర్‌హోల్డింగ్ ప్యాటర్న్ (ఎవరికి ఎంత వాటా ఉందో చెప్పే పట్టిక), గత రెండు మూడు వార్షిక సమావేశాల ఓటింగ్ ఫలితాలు దగ్గర పెట్టుకుంటే చాలు. ఇవన్నీ కంపెనీ వెబ్‌సైట్‌లోనూ, బీఎస్‌ఈ, ఎన్‌ఎస్‌ఈ స్టాక్ ఎక్స్ఛేంజీల సైట్లలోనూ ఉచితంగా దొరుకుతాయి. ఒక్కో కంపెనీకి రెండు సాయంత్రాలు పడుతుంది. నివేదిక మొదట్లో ఉండే రంగుల పేజీలను, ఛైర్మన్ సందేశాన్ని చివరికి అట్టేపెట్టి, లెక్కల కింద సన్నని అక్షరాల్లో ఉండే నోట్స్‌తో మొదలుపెట్టండి.

షేరు ధర మీద శ్రద్ధ, వాటాదారుడి మీద శ్రద్ధ

వాటాదారుల ప్రయోజనమే తమకు ముఖ్యమని యాజమాన్యం తరచుగా అంటూ ఉంటే చాలామంది మదుపరులు సంతోషిస్తారు. ఆ మాటకు రెండు అర్థాలున్నాయి. ఈ త్రైమాసికంలో షేరు ధర పడిపోకుండా చూసుకోవడం మొదటిది. కంపెనీలో ఉన్న ప్రతి రూపాయీ వాటాదారులదేనని, తాము దానికి కాపలాదారులమేనని ఎరిగి నడవడం రెండోది. మొదటిది మితిమీరితే రెండోది దెబ్బతింటుంది. అమెరికాలో జాన్ గ్రాహం, క్యాంప్‌బెల్ హార్వే, శివ రాజ్‌గోపాల్ అనే ముగ్గురు ఆచార్యులు 401 మంది ఆర్థికాధికారులను ప్రశ్నించి 2005లో వెలువరించిన సర్వేలో, లాభాలు ఒడిదుడుకులు లేకుండా సాఫీగా కనిపించడం కోసం కంపెనీ అసలు విలువను కొంత వదులుకోవడానికైనా తాము సిద్ధమేనని 78 శాతం మంది ఒప్పుకున్నారు. అందుచేత త్రైమాసిక లాభం ప్రతిసారీ గీత గీసినట్టు ఒకే వేగంతో పెరుగుతూ పోతుంటే, వ్యాపారం నిజంగా అంత నిలకడైనదేనా అని ఒకసారి అనుమానించడం మంచిది.

రెండో అర్థంలోని శ్రద్ధకూ కంపెనీ పనితీరుకూ సంబంధం ఉందా అన్నదాని మీద పరిశోధన చాలానే జరిగింది. పాల్ గాంపర్స్, జాయ్ ఇషీ, ఆండ్రూ మెట్రిక్ సుమారు 1,500 అమెరికన్ కంపెనీలను వాటాదారుల హక్కులకు సంబంధించిన 24 నిబంధనలతో తూచి చూశారు. 1990 దశకంలో ఆ హక్కులు బలంగా ఉన్న కంపెనీల షేర్లు కొని, బలహీనంగా ఉన్నవాటిని అమ్మి ఉంటే ఏడాదికి 8.5 శాతం అదనపు రాబడి వచ్చేదని 2003లో ప్రకటించారు. అయితే 2000 నుంచి 2008 దాకా లెక్కలను లూసియన్ బెబ్‌చుక్, ఆల్మా కోహెన్, చార్ల్స్ వాంగ్ పరిశీలించేసరికి ఆ అదనపు రాబడి కనిపించలేదు. మార్కెట్టు ఈలోగా ఆ తేడాను గుర్తించి ధరలోనే కలుపుకోవడం దీనికి కారణమని వారి వాదన. కంపెనీ విలువకూ, దాని నిర్వహణ ఫలితాలకూ మంచి పాలనతో ఉన్న సంబంధం మాత్రం అలాగే కొనసాగింది. దీన్నుంచి నేను తీసుకున్నది ఇంతే: మంచి యాజమాన్యాన్ని గుర్తించినందువల్ల ఆ షేరు చవకగా దొరుకుతుందని ఆశించకూడదు, కానీ ఆ గుర్తింపు లేకుండా కొంటే వచ్చే నష్టాన్ని తప్పించుకోవచ్చు.

మన దేశంలో ఇంకో సంగతి కూడా ఉంది. అమెరికాలో వాటాలు లక్షలమంది మధ్య చెదిరి ఉంటాయి కాబట్టి అక్కడి చర్చంతా జీతానికి పనిచేసే అధికారులు యజమానుల మాట వింటున్నారా లేదా అన్నదాని చుట్టూ తిరుగుతుంది. ఇక్కడి కంపెనీల్లో ఎక్కువ వాటికి ప్రమోటర్ కుటుంబమో, విదేశీ మాతృసంస్థో, ప్రభుత్వమో పెద్ద వాటాదారుగా ఉంటుంది. కనుక మనం వేసుకోవలసిన ప్రశ్న మారుతుంది: పెద్ద వాటాదారుడి లాభమూ చిన్న వాటాదారుడి లాభమూ వేరుపడిన రోజున యాజమాన్యం ఎటు నిలబడింది? కింద చెప్పబోయే పరీక్షలన్నీ ఈ ఒక్క ప్రశ్నకు జవాబు వెతికేవే.

సత్యం కంప్యూటర్స్‌లో ముందు కనిపించినది

2008 డిసెంబర్ 16న హైదరాబాద్‌లోని సత్యం కంప్యూటర్స్ బోర్డు, ఛైర్మన్ రామలింగరాజు కుటుంబం నెలకొల్పిన మేటాస్ ప్రాపర్టీస్‌ను పూర్తిగానూ, మేటాస్ ఇన్‌ఫ్రాలో 51 శాతాన్నీ కలిపి 160 కోట్ల డాలర్లకు కొనాలని నిర్ణయించింది. సాఫ్ట్‌వేర్ కంపెనీకి రియల్ ఎస్టేట్ ఎందుకన్న ప్రశ్నను పక్కన పెట్టినా, సత్యంలో అప్పటికి ఆ కుటుంబానికి పదో వంతు వాటా కూడా లేదు. అంటే కొనడానికి వెచ్చించే డబ్బులో తొంభై శాతానికి పైగా బయటి వాటాదారులది, అమ్ముకునేవారిలో ముందున్నది ఛైర్మన్ కుటుంబం. పేరున్న విద్యావేత్తలు, మాజీ ఉన్నతాధికారి స్వతంత్ర డైరెక్టర్లుగా ఉన్న బోర్డు దానికి సమ్మతి తెలిపింది. న్యూయార్క్‌లో మదుపరులు ఆ షేరును తెగనమ్మడంతో కొన్ని గంటల్లోనే నిర్ణయాన్ని వెనక్కి తీసుకోవలసి వచ్చింది.

మూడు వారాల తర్వాత, 2009 జనవరి 7న, రామలింగరాజు రాసిన లేఖ బయటికి వచ్చింది. 2008 సెప్టెంబర్ 30 నాటి బ్యాలెన్స్ షీట్‌లో చూపిన 5,361 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేనే లేవని అందులో ఉంది. ఆ త్రైమాసికంలో 2,700 కోట్ల ఆదాయం మీద 649 కోట్ల నిర్వహణ లాభం వచ్చినట్టు చూపారు. నిజానికి ఆదాయం 2,112 కోట్లు, నిర్వహణ లాభం 61 కోట్లు. ఉత్తుత్తి ఆస్తుల స్థానంలో నిజమైన ఆస్తులను నింపడానికి చేసిన చివరి ప్రయత్నమే మేటాస్ ఒప్పందమని కూడా ఆయనే రాశారు. అంతకు ముందు రోజు 179 రూపాయలున్న షేరు ఆ రోజు ముగిసేసరికి 40 రూపాయల దగ్గరికి పడిపోయింది. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా షేరుకు 58 రూపాయల చొప్పున కంపెనీని చేజిక్కించుకుంది. మన ఊరివాళ్ల కంపెనీ అన్న అభిమానంతో ఆ షేరు కొని పిల్లల చదువులకని దాచుకున్న కుటుంబాలు నాకు తెలిసినవే కొన్ని ఉన్నాయి. వాళ్లు పడిన బాధ చూసిన తర్వాతే వార్షిక నివేదికలు చదవడం నేను శ్రద్ధగా మొదలుపెట్టాను.

ఇక్కడ గమనించవలసింది సంఘటనలు జరిగిన వరుస. బ్యాంకు నిల్వలు బూటకమని పట్టుకోవడం సామాన్య మదుపరి తరం కాదు, ఆడిటర్లే పట్టుకోలేదు. కానీ వాటాదారుల సొమ్ముతో కుటుంబ సంస్థలను కొనబోయిన తీరు అందరి కళ్ల ముందే జరిగింది. పనితీరు అంకెల్లోని తప్పు బయటపడక ముందే, వాటాదారుల పట్ల నిర్లక్ష్యం బయటపడింది. 2008లోనే ఆ కంపెనీ కార్పొరేట్ పాలనకు అవార్డు కూడా అందుకుంది కనుక, నివేదికల్లో కనిపించే అవార్డుల జాబితాను నేను లెక్కలోకి తీసుకోను.

మొదట షేరుకు ఎంతన్నది చూడండి

మొత్తం లాభం ఎంత పెరిగిందన్నది యాజమాన్యానికి ఇష్టమైన అంకె. మీకు కావలసింది ఒక్కో షేరుకు ఎంత పెరిగిందన్నది. ఉదాహరణకు 10 కోట్ల షేర్లున్న కంపెనీ 100 కోట్ల లాభం సంపాదిస్తే షేరుకు 10 రూపాయలు. ఐదేళ్లలో లాభం 150 కోట్లకు చేరి, ఈలోగా కొత్త షేర్లు జారీ చేయడం వల్ల వాటి సంఖ్య 14 కోట్లయితే షేరుకు వచ్చేది 10 రూపాయల 71 పైసలు. లాభం 50 శాతం పెరిగిందని కంపెనీ చెప్పేది నిజమే, మీ వంతు పెరిగింది 7 శాతమే. బోనస్ షేర్లు, షేర్ల విభజన వల్ల సంఖ్య పెరిగితే అందరికీ ఒకే నిష్పత్తిలో పెరుగుతుంది కాబట్టి దాన్ని సర్దుబాటు చేసుకుని లెక్కవేయాలి.

కొత్త షేర్లు ఎవరికి వెళ్లాయన్నది దీనికి తోడుగా చూడాలి. రైట్స్ ఇష్యూలో పాత వాటాదారులందరికీ సమాన అవకాశం ఉంటుంది. ప్రమోటర్లకు వారంట్లు (ముందే నిర్ణయించిన ధరకు తర్వాత షేర్లు తీసుకునే హక్కు) ఇచ్చినప్పుడు అలా కాదు. ధరలో 25 శాతం ముందు కట్టి, మిగతాది 18 నెలల్లోగా కట్టే వీలు వారికి ఉంటుంది. షేరు ధర పెరిగితే మిగతా సొమ్ము కట్టి తీసుకుంటారు, పడితే ఆ 25 శాతాన్ని వదులుకుని తప్పుకుంటారు. ఇది చట్టబద్ధమైనదే, కష్టకాలంలో ప్రమోటర్ సొంత డబ్బు తెచ్చిపెట్టడం మెచ్చుకోదగినదే. కానీ మంచి ఫలితాలు రాబోయే ముందు, మార్కెట్ ధర అడుగున ఉన్నప్పుడు, రెండు మూడేళ్లకోసారి ఇదే జరుగుతూ ఉంటే, పెరుగుదలలో కొంత మీ చేతి నుంచి వారి చేతికి పోతోందని గ్రహించాలి.

లాభం నగదుగా మారుతోందా

నగదు రాకపోకలు చూపే క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్‌లో నిర్వహణ కార్యకలాపాల వల్ల వచ్చిన నికర నగదును ఐదేళ్లకు కూడండి. అదే ఐదేళ్ల నికర లాభాలను కూడి పక్కన పెట్టండి. ఒక్క ఏడాది తేడా ఉంటే పట్టించుకోనక్కరలేదు. ఐదేళ్లు కలిపినా నగదు లాభంలో సగానికీ, మూడింట రెండు వంతులకూ మధ్యే ఆగిపోతే ఆ మిగతా డబ్బు ఎక్కడ ఇరుక్కుందో వెతకాలి. వేగంగా పెరుగుతున్న కంపెనీలో సరుకు నిల్వల్లో ఇరుక్కోవడం సహజం. కొనుగోలుదారుల బకాయిల్లో ఇరుక్కుంటే, 2021-22 నుంచి ప్రతి కంపెనీ తప్పనిసరిగా ఇస్తున్న బకాయిల వయసు పట్టిక తెరవండి. ఆరు నెలల లోపువి, ఏడాది దాటినవి, మూడేళ్లు దాటినవి వేర్వేరుగా అందులో ఉంటాయి. మూడేళ్లు దాటిన బాకీ ఏటా పెరుగుతూ, అది రాకపోవచ్చన్న నష్టానికి లాభంలోంచి తగ్గ కేటాయింపు చేయకపోతే, ప్రకటించిన లాభంలో కొంత కాగితం మీదే ఉన్నట్టు.

నగదు నిల్వకు వడ్డీ సరిపోతోందా అన్నది కూడా చూడదగ్గ లెక్క. ఇతర ఆదాయం కింద చూపిన వడ్డీని, ఏడాది మొదట్లోనూ చివర్లోనూ ఉన్న నగదు, డిపాజిట్ల సగటుతో భాగించండి. బ్యాంకులు ఆరేడు శాతం ఇస్తున్న రోజుల్లో ఇక్కడ రెండు శాతమే తేలితే, ఒకటి ఆ నగదు ఏడాది పొడవునా అక్కడ లేదు, లేదా దాన్ని ఊరికే ఉంచారు. రెండింటికీ యాజమాన్యం సంజాయిషీ చెప్పాలి.

పంచకుండా ఉంచుకున్న రూపాయి ఏం చేసింది

డివిడెండ్ ఎక్కువిచ్చే కంపెనీ మంచిదని, ఇవ్వనిది చెడ్డదని అనుకోవడం సరికాదు. ఉంచుకున్న డబ్బుతో మీరు బయట సంపాదించగలిగిన దానికంటే ఎక్కువ సంపాదిస్తే, డివిడెండ్ ఇవ్వకపోవడమే మీకు మేలు. దీన్ని తేల్చే సులువైన లెక్క ఒకటుంది. ఒక కంపెనీ లాభం ఐదేళ్లలో వరుసగా 80, 90, 100, 110, 120 కోట్లు అనుకుందాం. మొత్తం 500 కోట్లు. అందులో 100 కోట్లు డివిడెండ్‌గా పంచి 400 కోట్లు ఉంచుకుంది. మొదటి ఏడాదికీ చివరి ఏడాదికీ లాభం పెరిగింది 40 కోట్లు. అంటే ఉంచుకున్న నూటికి పది రూపాయల చొప్పున అదనపు లాభం వచ్చింది. ఇది ఉజ్జాయింపు లెక్కే, చివరి ఏడాది ఉంచుకున్న డబ్బుకు ఇంకా పని చేసే సమయం రాలేదు కూడా. అయినా ఒకే పరిశ్రమలోని రెండు మూడు కంపెనీలను ఇలా పక్కపక్కన పెడితే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పది శాతం కంటే బాగా తక్కువ వస్తూ, డివిడెండ్ కూడా ఇవ్వకుండా, సంబంధం లేని కొత్త వ్యాపారాల్లోకి దిగుతున్న యాజమాన్యం మీ సొమ్ముతో తన సామ్రాజ్యం పెంచుకుంటోందని అర్థం.

మార్కెట్ విలువలో మొదటి వెయ్యి స్థానాల్లో ఉన్న కంపెనీలు డివిడెండ్ విధానాన్ని ప్రకటించాలి. దాన్ని చదివి, గత ఐదేళ్లలో నిజంగా ఇచ్చిన దానితో సరిచూసుకోండి. నాకు విధానంలోని మాటల కంటే, మాటకూ చేతకూ ఉన్న దూరం ఎక్కువ చెబుతుంది.

సంబంధిత పక్షాల లావాదేవీలు

సమయం తక్కువుండి ఒక్క నోట్ మాత్రమే చదవగలిగితే ఇదే చదవండి. ప్రమోటర్లు, డైరెక్టర్లు, వారి కుటుంబ సభ్యులు, వారి సొంత సంస్థలతో కంపెనీ ఆ ఏడాది జరిపిన ప్రతి ముఖ్య లావాదేవీ ఇందులో ఉంటుంది. ఐదేళ్ల నోట్స్‌ను పక్కపక్కన పెట్టుకుని, ఒక కాగితం మీద నిలువు గీతలు గీసి, అద్దెలు, జీతాలు, ముడిసరుకు కొనుగోళ్లు, అప్పులు, అడ్వాన్సులు, గ్యారంటీలు, బ్రాండ్ పేరు వాడుకున్నందుకు కట్టే రాయల్టీలు విడివిడిగా రాసుకోండి. అంకె పెద్దదా చిన్నదా అని కాదు, కంపెనీ అమ్మకాల కంటే వేగంగా పెరుగుతోందా అని చూడాలి. అమ్మకాలు రెట్టింపయ్యేలోగా ప్రమోటర్ కుటుంబానికి చెల్లించే అద్దె నాలుగు రెట్లయితే, ఆ భవనం వాటాదారులకు ఏం ఒరగబెట్టిందో అడగాలి. అన్నిటికంటే అడ్వాన్సుల మీద కన్ను వేసి ఉంచాలి. స్థలం కొనుగోలుకనో, యంత్రాల కోసమనో గ్రూపు సంస్థకు ఇచ్చిన అడ్వాన్సు మూడేళ్లయినా ఆస్తిగా మారకుండా అలాగే ఉందంటే, అది పేరు మార్చుకున్న అప్పు, తరచుగా వడ్డీ లేని అప్పు.

ఇలాంటి అడ్వాన్సు ఒకటి నా అనుభవంలోకి వచ్చింది. లాభాలు చక్కగా పెరుగుతున్న ఒక మధ్యస్థాయి కంపెనీలో నాకు కొన్ని షేర్లుండేవి. వీడియో ద్వారా జరిగిన వార్షిక సమావేశంలో స్పీకర్‌గా ముందే పేరు నమోదు చేసుకుని, గ్రూపు సంస్థకు ఇచ్చిన అడ్వాన్సు వరుసగా మూడో ఏడాది కూడా ఎందుకు మిగిలిపోయిందని పేజీ సంఖ్యతో సహా అడిగాను. నాకంటే ముందు మాట్లాడిన ఐదుగురూ యాజమాన్యాన్ని అభినందించి, ఫ్యాక్టరీ చూపించమని కోరారు. ఛైర్మన్ అందరికీ కలిపి జవాబిస్తూ ఫ్యాక్టరీ సందర్శన గురించి వివరంగా చెప్పి, నా ప్రశ్నకు అన్ని లావాదేవీలూ చట్టబద్ధంగానే జరిగాయని ఒక్క వాక్యంతో ముగించారు. ప్రశ్నను కంపెనీ సెక్రటరీకి మెయిల్‌లో మళ్లీ పంపాను, జవాబు రాలేదు. షేర్లు అమ్మేశాను. మరుసటి ఏడాది నివేదికలో ఆ అడ్వాన్సులో ఎక్కువ భాగాన్ని రాని బాకీగా కొట్టివేశారు. లెక్కలో నేను ప్రవీణుణ్ణి కాను. జవాబు ఇవ్వని తీరే నాకు సంగతి చెప్పింది.

ఇలాంటి లావాదేవీలు పరిమితి దాటితే వాటాదారుల ఆమోదం కావాలి, ఆ ఓటింగ్‌లో సంబంధిత పక్షాలు అనుకూలంగా ఓటు వేయడానికి వీల్లేదు. ఈ నిబంధన ఎంత బలమైనదో నెస్లే ఇండియా విషయంలో చూశాం. స్విట్జర్లాండ్‌లోని మాతృసంస్థకు అమ్మకాల మీద చెల్లించే 4.5 శాతం రాయల్టీని ఏటా కొంచెం చొప్పున పెంచుతూ ఐదేళ్లలో 5.25 శాతానికి చేర్చాలన్న ప్రతిపాదన 2024 మేలో ఓటింగ్‌కు వచ్చింది. అరవై శాతానికి పైగా వాటా ఉన్నా మాతృసంస్థ ఓటు లెక్కకు రాదు. మిగిలిన వాటాదారుల ఓట్లలో 57 శాతం వ్యతిరేకంగా పడడంతో ప్రతిపాదన వీగిపోయింది, పాత రాయల్టీయే కొనసాగింది. నెస్లే ఇండియా పనితీరు బాగాలేక అలా జరగలేదు. కంపెనీ బాగా సంపాదిస్తున్నప్పుడే ఆ సంపాదన ఎటు పోతుందన్న తగువు వస్తుంది.

తాకట్టు షేర్లు, జీతాలు

షేర్‌హోల్డింగ్ ప్యాటర్న్‌లో ప్రమోటర్ల షేర్లలో ఎన్ని తాకట్టులో ఉన్నాయో ఒక గడి చెబుతుంది. సత్యం ఉదంతం తర్వాత, 2009 జనవరిలోనే మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఈ వెల్లడిని తప్పనిసరి చేసింది. తాకట్టు ఎక్కువగా ఉన్న ప్రమోటర్‌కు షేరు ధర పడకుండా నిలబెట్టడం ప్రాణావసరం అవుతుంది, ధర పడితే రుణదాత షేర్లు అమ్మేస్తాడు. ఆ ఒత్తిడిలో ఉన్నవారు ప్రకటించే లాభాలను మరింత జాగ్రత్తగా పరిశీలించాలి.

జీతాల విషయానికి వస్తే, మేనేజింగ్ డైరెక్టర్ జీతం మధ్యస్థ ఉద్యోగి (జీతాల వరుసలో సరిగ్గా మధ్యన ఉన్నవారి) జీతానికి ఎన్ని రెట్లో లిస్టెడ్ కంపెనీలు ఏటా వెల్లడిస్తాయి. రెట్ల కంటే దిశ ముఖ్యం. లాభం తగ్గిన ఏడాది జీతం కూడా తగ్గిందా? 2021 ఆగస్టులో ఐషర్ మోటార్స్ వాటాదారులు మేనేజింగ్ డైరెక్టర్ సిద్ధార్థ లాల్ పునర్నియామకాన్ని, జీతం పెంపుతో కలిపి పెట్టిన తీర్మానంలో, కావలసిన 75 శాతం ఓట్లు ఇవ్వక తిరస్కరించారు. జీతం పరిమితిని తగ్గించి మళ్లీ తెచ్చాక ఆమోదించారు. బోర్డు ఆ మాట విని సవరించుకోవడాన్ని నేను శ్రద్ధకు గుర్తుగానే లెక్కిస్తాను.

ఆడిటర్ అనుబంధం

ఆడిటర్ నివేదిక మొదటి పేజీ అన్ని కంపెనీల్లోనూ ఇంచుమించు ఒకేలా ఉంటుంది. దాని వెనక ఉండే అనుబంధంలో అంశాల వారీగా ఆడిటర్ చెప్పవలసినవి ఉంటాయి. రోజువారీ వ్యాపారానికి తీసుకునే (వర్కింగ్ క్యాపిటల్) రుణాల కోసం బ్యాంకులకు ప్రతి త్రైమాసికం పంపిన లెక్కలు, కంపెనీ పుస్తకాల్లోని లెక్కలు ఒకటేనా, స్వల్పకాలిక అప్పును దీర్ఘకాలిక అవసరాలకు వాడారా, గ్రూపు సంస్థలకు ఇచ్చిన అప్పుల షరతులు కంపెనీ ప్రయోజనానికి విరుద్ధంగా ఉన్నాయా అన్న ప్రశ్నలకు అక్కడ జవాబులుంటాయి. బ్యాంకుకు ఒక అంకె, పుస్తకంలో ఇంకో అంకె ఉన్నట్టు తేడాల పట్టిక కనిపిస్తే, కారణం ఎంత చిన్నదిగా రాసినా, ఆ కంపెనీని నేను పక్కన పెడతాను. గడువు ముగియకుండానే ఆడిటర్ రాజీనామా చేస్తే ఆ లేఖను స్టాక్ ఎక్స్ఛేంజ్ సైట్లో వెతికి చదవండి.

మాటల్లో నిజాయితీ

ఇప్పుడు ఛైర్మన్ సందేశానికి రావచ్చు. ఈ ఏటి సందేశం కాదు, నాలుగేళ్ల కిందటిది తీయండి. అప్పుడు ఏం చేస్తామన్నారు, ఆ ప్లాంటు ఎప్పుడు మొదలవుతుందన్నారు, ఆ అప్పు ఎప్పటికి తీరుతుందన్నారు? తర్వాతి నివేదికల్లో ఆ మాటలు ఏమయ్యాయో గాలించండి. అనుకున్నది జరగకపోతే జరగలేదని, ఎందుకో చెప్పిన యాజమాన్యాన్ని నమ్మవచ్చు. పాత లక్ష్యం ఊసెత్తకుండా కొత్త లక్ష్యం పెట్టేవారితో జాగ్రత్త అవసరం. ఫలితాల తర్వాత విశ్లేషకులతో జరిపే కాన్ఫరెన్స్ కాల్ రికార్డింగునూ, రాత ప్రతినీ లిస్టెడ్ కంపెనీలు అందరికీ అందుబాటులో ఉంచాలి. అందులో తయారుగా చదివిన మొదటి భాగాన్ని వదిలి, ఇబ్బంది పెట్టే ప్రశ్న వచ్చినప్పటి జవాబును చదవండి.

ఈ పరీక్షలను అన్ని కంపెనీలకూ ఒకే కొలతతో వాడకూడదు. బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలకు నగదు ప్రవాహ లెక్క పనికిరాదు, అప్పులివ్వడమే వాటి వ్యాపారం కాబట్టి. ప్రభుత్వ రంగ సంస్థల్లో డివిడెండ్ పెద్దగా ఉండడానికి ఖజానా అవసరం కారణం కావచ్చు, అది చిన్న వాటాదారుడి మీద శ్రద్ధ అనుకోకూడదు. అలాగే, లాభాలు దండిగా ఉన్న రోజుల్లో ఉదారంగా కనిపించడం ఎవరికైనా సులువే. అందుకే నివేదికలు ఎంచుకునేటప్పుడు ఆ పరిశ్రమకు గడ్డుకాలంగా గడిచిన ఏడాది ఒకటైనా ఉండేలా చూసుకోండి. ఆ ఏడాది ప్రమోటర్ జీతం, గ్రూపు సంస్థలకు అడ్వాన్సులు, కొత్త వారంట్ల జారీ ఎలా ఉన్నాయో చూస్తే మిగతా నాలుగేళ్ల మాట కూడా తేలుతుంది.

షేర్లు ఉన్నవారు చేయవలసినది

పరీక్షించి కొన్న తర్వాత మీరు కూడా వాటాదారుడిగా ప్రవర్తించాలి. వార్షిక సమావేశపు నోటీసు కనీసం 21 రోజుల ముందు వస్తుంది. దానిలోని ప్రతి ప్రత్యేక తీర్మానం కింద వివరణ పత్రం ఉంటుంది, తీర్మానం కంటే దాన్నే ఎక్కువ శ్రద్ధగా చదవాలి. సమావేశం ముగిశాక రెండు పని దినాల్లో ఓటింగ్ ఫలితాలు ఎక్స్ఛేంజ్ సైట్లోకి వస్తాయి, ప్రమోటర్లు, సంస్థాగత మదుపరులు, ఇతర ప్రజలు అన్న మూడు వరుసల్లో. తీర్మానం మొత్తం మీద 95 శాతంతో నెగ్గినట్టున్నా, ప్రమోటర్ వరుసను చేత్తో మూసి చూడండి. సంస్థాగత మదుపరుల్లో సగం మంది వద్దన్న తీర్మానం అందులో దాగి ఉండవచ్చు. మరుసటి ఏడాది యాజమాన్యం ఆ వ్యతిరేకతను గుర్తించి ఏమైనా మార్చుకుందా అన్నదాన్ని నేను ఒక పుస్తకంలో కంపెనీ వారీగా రాసుకుంటాను.

డివిడెండ్ రాకపోతే, పేరు మార్పు దరఖాస్తు కదలకపోతే ముందు కంపెనీకి, దాని వాటాదారుల రికార్డులు చూసే రిజిస్ట్రార్‌కు రాయండి, ఆ తర్వాత సెబీ స్కోర్స్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. ఏడేళ్లు తీసుకోని డివిడెండ్ ప్రభుత్వ నిధికి వెళ్లిపోతుంది, ఏడేళ్లూ వరుసగా తీసుకోకపోతే షేర్లు కూడా వెళ్తాయి. కాబట్టి ఇంట్లో పెద్దలు పెట్టెలో దాచిన పాత షేరు పత్రాలను ఇప్పుడే తీసి చూడండి. ప్రశ్న అడగదలిస్తే నోటీసులో చెప్పిన గడువులోగా స్పీకర్‌గా నమోదు చేసుకుని, పేజీ సంఖ్య, నోట్ సంఖ్య ఇచ్చి ఒకే ప్రశ్న అడగండి, అదే ప్రశ్నను రాతపూర్వకంగా కూడా పంపండి. ఓటు వేయడానికి సమావేశానికి వెళ్లనక్కరలేదు, డీమ్యాట్ ఖాతా ద్వారా ఈ-ఓటింగ్ కనీసం మూడు రోజుల పాటు తెరిచి ఉంటుంది. సమావేశానికి ముందు రోజు సాయంత్రం 5 గంటలకు అది మూతపడుతుంది కనుక, నోటీసు వచ్చిన రోజే ఆ తేదీని క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకోండి.